ఒకటో తారీఖు అవ్వను ఎవరూ అడగని మాట

పొద్దు పొడిచీ పొడవకముందే సచివాలయం ఉద్యోగి బండి వీధిలో ఆగుతుంది. అరుగు మీద కూర్చున్న అవ్వ బొటనవేలిని కొంగుతో తుడుచుకుంటుంది. యాభై ఏళ్ళు కలుపు తీసి, బుడ్డలు ఒలిచిన వేలు అది. గీతలు అరిగిపోయాయి. యంత్రం ఒకసారి కాదంటుంది, రెండోసారీ కాదంటుంది. ‘ఇంకో వేలు పెట్టవ్వా.’ అదీ పడకపోతే ఫోన్‌ను మొహానికెదురుగా పెడతాడు. పడింది. ఐదు వందల నోట్లు ఎనిమిది లెక్కపెట్టి చేతిలో ఉంచుతాడు. ‘బాగుండావా అవ్వా?’ ‘బాగుండా నాయనా.’ వాకిట్లో నీళ్ళు చల్లుతున్న కోడలూ, గడపకానుకొని పళ్ళు తోముకుంటున్న కొడుకూ ఆ మాట విన్నారు. బండి పక్కింటికి కదిలింది. ఆ ఎనిమిది నోట్లు అవ్వ కొంగు ముడిలోకి పోయాయా, కొడుకు జేబులోకి పోయాయా అన్నది ఏ రిజిస్టరులోకీ ఎక్కదు.

కర్నూలు, కడప పల్లెల్లో నెలకోసారి కనబడే దృశ్యమే ఇది. ఒకటో తారీఖు సెలవైతే ముందురోజే వస్తారు. 2014 దాకా 200 రూపాయలున్న వృద్ధాప్య పింఛన్ 2024 జనవరికి 3,000కు, అదే ఏడాది జులై 1కి 4,000కు చేరింది. 2025–26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే కూర్చున్న చోటికి వచ్చే అవ్వ పింఛన్ ఒక మనిషి 13 రోజులు మట్టి మోస్తే వచ్చే డబ్బుతో సమానం. వానల్లేని ఏడాది ఆ ఇంట్లో చేతికి తగిలే నిఖరమైన డబ్బు అదొక్కటే కావచ్చు. దానివల్ల ముసలితనానికి కొంత గౌరవం వచ్చిన మాట నిజం. అదే డబ్బు కోసం గొడవలు మొదలైన మాటా నిజమే.

నాకు మాత్రం ఆ బండి ఆగే రెండు నిమిషాల మీదే కన్ను. వృద్ధుల గడపదాకా నెలనెలా తప్పకుండా వెళ్ళే ప్రభుత్వ ఏర్పాటు మనకు ఇంతకన్నా పెద్దది లేదు. రాష్ట్రంలో అన్ని రకాల పింఛన్లూ కలిపితే 60 లక్షల పైమాటే. బీపీ, షుగరు చూసినట్టు, ఫిర్యాదు లేకపోయినా అందరినీ ముందుగానే ఒకసారి పరిశీలించడాన్ని స్క్రీనింగ్ అంటారు. ఇంట్లో వృద్ధులు బాధలు పడుతున్నారేమో కనిపెట్టే స్క్రీనింగ్‌కు కావలసిన మనిషీ, గడపా, ముఖాముఖీ ఇక్కడే ఉన్నాయి. లేనిది ప్రశ్న ఒక్కటే అనిపిస్తుంది. లెక్కలోకి దిగితే అంత తేలిక కాదని తెలుస్తుంది.

ఆశా కాగితంలో నాలుగు ప్రశ్నలు

ఆరోగ్య శాఖ వైపు నుంచీ ఒక మనిషి ఇంటికి వస్తుంది. 30 దాటినవారి వివరాలు ఆశా కార్యకర్త ఒక పత్రంలో నింపుతుంది. అందులో 60 దాటినవారికని నాలుగు ప్రశ్నలు వేరుగా ఉన్నాయి. నిలబడేటప్పుడు, నడిచేటప్పుడు తూలుతున్నారా? కదలికను అడ్డుకునే వైకల్యం ఉందా? తినడానికి, కట్టుకోవడానికి, స్నానానికి ఇంకొకరి సాయం కావాలా? అయినవాళ్ళ పేర్లు, సొంత ఇంటి చిరునామా మరిచిపోతున్నారా? నాలుగూ మంచి ప్రశ్నలే. సాయం కావాలా అని అడిగిన కాగితం, ఆ సాయం చేసేవాళ్ళు ఎట్లా చూసుకుంటున్నారని మాత్రం అడగదు.

విచిత్రమేమంటే ఆ నాలుగింటికీ ‘అవును’ అన్నవారికే ప్రమాదం ఎక్కువ. ఒకరి మీద ఆధారపడిన మనిషి, మతిమరుపు పట్టిన మనిషి ఎక్కువగా వేధింపుల పాలవుతారని దేశదేశాల అధ్యయనాలు చెబుతున్నాయి.

ఐదా, పద్నాలుగా, పదహారా, ఇరవై ఐదా?

ఎంతమంది ఇలా బాధపడుతున్నారన్న ప్రశ్నకు దొరికే అంకెలు ఒకదానికొకటి పొసగవు. 2017–18లో దేశమంతటా 45 దాటిన 72 వేలమందిని కలిసిన ‘లాసీ’ సర్వేలో, 60 దాటినవారిలో నూటికి సుమారు ఐదుగురు గడిచిన ఏడాదిలో తమను సరిగా చూడలేదన్నారు. చెన్నైలో 400 మంది వృద్ధులతో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో 14 శాతం. 28 దేశాల్లోని 52 అధ్యయనాలను కలిపి 2017లో వేసిన లెక్కలో 15.7 శాతం, ‘ఆరుగురిలో ఒకరు’ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది దీన్నే. హెల్పేజ్ ఇండియా 2018లో 23 నగరాల్లో అడిగినప్పుడు ఏకంగా 25 శాతం.

వీటిలో ఏదో ఒకటి అబద్ధమనుకోనక్కర్లేదు. ఎవరిని అడిగారు, ఎక్కడ అడిగారు, ఏ మాటతో అడిగారు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. నా అనుమానం ఇంకొకటి ఉంది. అడిగేటప్పుడు మంచం పక్కన ఎవరు కూర్చున్నారు? మన ఇళ్ళలో సర్వేకు ఎవరైనా వస్తే ముసలివాళ్ళను ఒంటరిగా మాట్లాడనివ్వడం ఉండదు. కొడుకు ముందుకొచ్చి ‘నేను చెప్తా అడగండి సార్’ అంటాడు. ప్రేమతోనే అంటాడు, చాలాసార్లు. అక్కడ ఐదు శాతమైనా నోరు విప్పిందంటే అదే ఎక్కువ.

హెల్పేజ్ 2018 సర్వేలోనే ఇంకో అంకె ఉంది. బాధపడ్డామన్నవారిలో 82 శాతం ఆ సంగతి ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఇంటి గుట్టు బయటపెట్టడం ఇష్టం లేకపోవడం అందుకు పెద్ద కారణం. బాధపెట్టినవారిలో మొదటి పేరు కొడుకుది, రెండోది కోడలిది. మన కథల్లో, సీరియళ్ళలో నింద ఎప్పుడూ కోడలి మీదే పడుతుంది. అంకెలు కొడుకును ముందు నిలబెట్టాయి.

మాంట్రియల్ ప్రశ్నలు, సీమ మాట

వృద్ధుల మీద వేధింపులను కనిపెట్టే ప్రశ్నావళులు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. వాటిలో చిన్నదీ, ఎక్కువగా వాడేదీ కెనడాలోని మాంట్రియల్‌లో మార్క్ యాఫీ బృందం తయారుచేసి 2008లో ప్రచురించిన ‘ఈజీ’ సూచిక. మొత్తం ఆరు ప్రశ్నలు. రోజువారీ పనులకు ఎవరి మీదైనా ఆధారపడుతున్నారా అన్నది మొదటిది. తిండి, బట్ట, మందులు, కళ్ళద్దాలు, డాక్టరు, అయినవాళ్ళ పలకరింపు – వీటిలో దేనికైనా ఎవరైనా అడ్డుపడ్డారా అన్నది రెండోది. సిగ్గుపడేలా, బెదిరిపోయేలా మాట్లాడారా? ఇష్టం లేకుండా సంతకం పెట్టించారా, డబ్బు వాడుకున్నారా? భయపెట్టారా, కొట్టారా, ముట్టుకున్నారా? ఇవి తర్వాతి మూడు. ఆరోది రోగికి కాదు, డాక్టరుకే. కళ్ళలోకి చూడకపోవడం, చిక్కిపోవడం, గాయాలు, మాసిన బట్టలు, మందులు సరిగా వేసుకోకపోవడం మీ కంటికి కనబడ్డాయా? రెండు నుంచి ఆరు దాకా ఏ ఒక్కదానికి ‘అవును’ వచ్చినా అనుమానించి, ముందుకెళ్ళి విచారించాలి. చాలామంది డాక్టర్లకు రెండు నిమిషాలకు మించి పట్టలేదు.

బండి ఆగేదీ రెండు నిమిషాలే కదా అని నాకు ఆశ పుట్టింది ఇక్కడే. కానీ ఈ ఆరింటినీ పుస్తకం తెలుగులోకి దించి ‘మీపై ఎవరైనా వేధింపులకు పాల్పడ్డారా?’ అని ఆదోని దగ్గరో, జమ్మలమడుగు దగ్గరో ఒక అవ్వను అడిగి చూడండి. ఆమెకు వేధింపు అంటే పేపర్లో పడేది, పోలీసులు వచ్చేది. తన ఇంట్లో జరిగేదానికి ఆమె దగ్గర ఆ పేరు లేదు. ‘టయానికి కూడు పెట్టరు’, ‘పలకరు’, ‘నోటికొచ్చినట్టు అంటారు’ – ఆమె దగ్గరుండే మాటలివి. అవి కూడా సూటిగా అడిగితే రావు. ‘కోడలు కూడు పెడుతుందా?’ అంటే ‘ఏం, పెట్టకుండా యాడికి పోతాది’ అని మన మీదే కోప్పడుతుంది. ‘రాత్రి ఏం తింటివి అవ్వా? ఎవరు పెట్టిరి?’ అంటే మాత్రం చెబుతుంది. పొద్దున చేసిన సంగటి ముద్ద మాపటికి తానే నీళ్ళలో పిసుక్కొని తాగిన సంగతి అప్పుడొస్తుంది. ‘పింఛన్ దుడ్లు ఎవరి కాడ ఉండాయి?’ ‘బీపీ మాత్రలు అయిపోతే ఎవరికి చెప్తావు?’ ‘పోయిన నెల నీకోసం ఏం కొనుక్కుంటివి?’ – అవునూ కాదూ అనే వీల్లేని ఇలాంటి ప్రశ్నలే ఇక్కడ పని చేస్తాయని నా నమ్మకం. వాటిని అంకెల్లోకి మార్చడం కష్టం. ఆ కష్టం పరిశోధకులు పడాలి, అవ్వ కాదు.

వెయ్యిమందిని అడిగితే

ఇప్పుడు ఆ సూచిక ఎంత నమ్మదగ్గదో చూద్దాం. మాంట్రియల్‌లో 104 మంది కుటుంబ వైద్యులు 953 మంది వృద్ధుల మీద దాన్ని ప్రయోగించారు. తర్వాత సోషల్ వర్కర్ల లోతైన విచారణతో ఆ ఫలితాన్ని పోల్చారు. నిజంగా బాధపడుతున్నవారిలో నూటికి 47 మందిని అది పట్టింది. ఏ బాధా లేనివారిలో నూటికి 75 మందిని సరిగ్గా వదిలేసింది.

అదే అంకెలు మన దగ్గరా పనిచేస్తాయనుకొని, ఒక మండలంలో 60 దాటిన వెయ్యిమందిని అడిగామనుకుందాం. లాసీ లెక్క ప్రకారం వారిలో బాధితులు 50 మంది. సూచిక పట్టేది 24 మందిని. మిగతా 26 మంది ‘ఏమీ లేదు’ అన్న వరసలోకి పోతారు. అటు ఏ బాధా లేని 950 మందిలో నాలుగో వంతు, అంటే దాదాపు 238 మంది ఇళ్ళ మీద అనుమానం పడుతుంది. మొత్తం 262 ఇళ్ళు. అందులో నిజమైనవి 24. పదకొండు తలుపులు తడితే ఒక ఇంట్లో అసలు కష్టం ఉంటుంది. బాధితులు నూటికి పదహారు అనుకుంటే ఈ లెక్క మెరుగై నాలుగిళ్ళకు ఒకటవుతుంది.

ఈ లెక్కలో ఎవరి తప్పూ లేదు. అరుదుగా ఉండేదాన్ని వెతికే పరీక్షలన్నిటిదీ ఇదే తీరు. అయితే షుగరు పరీక్ష తప్పయితే ఇంకోసారి రక్తం ఇస్తే పోతుంది. ఇక్కడ తప్పయితే ఒక కోడలి ఇంటికి సచివాలయం మహిళా పోలీసు వచ్చి వెళ్ళిందన్న మాట మాపటికల్లా ఊరంతా పాకుతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో అవ్వ బతుకు బాగుపడుతుందా, ఇంకా కుంగుతుందా? అమెరికాలో వైద్య పరీక్షల మీద సలహా ఇచ్చే టాస్క్‌ఫోర్స్ 2018లో ఈ మెట్టు దగ్గరే ఆగింది. వృద్ధులందరినీ ఇలా స్క్రీనింగ్ చేస్తే మేలు ఎక్కువో కీడు ఎక్కువో చెప్పడానికి తగిన ఆధారాలు లేవంది. అడగొద్దని అనలేదు, తేల్చలేమంది.

అడగకపోతే పోయేదేమిటన్నదానికీ ఒక అంకె ఉంది. అమెరికాలోని న్యూ హేవెన్‌లో 2,812 మంది వృద్ధులను 1982 నుంచి గమనిస్తూ వచ్చిన అధ్యయనం ఫలితాలు 1998లో వెలువడ్డాయి. పదమూడేళ్ళ తర్వాత చూస్తే, వేధింపుకు గురైనట్టు తేలినవారిలో 9 శాతమే బతికున్నారు. అలాంటి నమోదేమీ లేనివారిలో 40 శాతం బతికున్నారు. వయసు, జబ్బుల తేడాలన్నీ తీసేసి లెక్కించినా వేధింపు బరువు మిగిలింది.

చర్మం చెప్పేది, చెప్పనిది

ఆరో ప్రశ్న డాక్టరుదన్నాను. కర్నూలు పెద్దాసుపత్రి ఓపీలోనో, కడప రిమ్స్‌లోనో రోజుకు వందలమందిని చూసే డాక్టరు ముసలాయన మోచేతి మీది నల్లమచ్చను చూసి ఏమనుకోవాలి? ముసలి చర్మం పల్చన. గుండెకు ఆస్పిరిన్ వాడేవారికి మంచంకోడు తగిలినా కమిలిపోతుంది. కాలిఫోర్నియాలో 65 దాటిన 101 మందిని రోజూ పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనం దీనికి పనికొచ్చే ఆనవాలు ఇచ్చింది. పొరపాటున తగిలిన కములు దెబ్బల్లో దాదాపు 90 శాతం చేతుల మీదా కాళ్ళ మీదా ఉన్నాయి. మెడ మీద, చెవుల మీద, పిరుదుల మీద, అరికాళ్ళలో ఒక్కటీ లేదు. రంగును బట్టి దెబ్బ ఎన్నాళ్ళదో చెప్పలేమని కూడా అదే తేల్చింది. కాబట్టి మోచేతి మచ్చ కన్నా చెవి వెనక మచ్చ దగ్గర ఆగాలి.

మన దగ్గర దెబ్బల కన్నా ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. నెలలుగా విరిగి దారం కట్టుకున్న కళ్ళద్దాలు. పెరిగి వంకర తిరిగిన కాలిగోళ్ళు. తుంటి విరిగిన వారానికి ఆసుపత్రికి తేవడం. పడక పుండ్లు. డాక్టరు ప్రతి ప్రశ్నకూ వెంట వచ్చినవాళ్ళే జవాబు చెప్పడం. ఈ చివరిదానికి మందు సులువే: ‘మీరు కాసేపు బయట కూర్చోండి’ అనడం. రద్దీలో ఆ ఒక్క మాట అనే తీరిక డాక్టరుకు ఉంటుందా అన్నది వేరే సంగతి.

సుగ్గికి పోయిన కొడుకు

ఇక్కడి నేల ఈ ప్రశ్నావళిని ఇంకో రకంగా తికమకపెడుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఆలూరు వైపు పంట చేతికి రాని ఏడాది ఊళ్ళకు ఊళ్ళే సుగ్గికి, అంటే కూలి వలసకు, కదులుతాయి. మిరపకాయల కోతకు గుంటూరు, కట్టడం పనులకు బెంగళూరు, హైదరాబాదు. ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళు, వాళ్ళకు అప్పగించిన పిల్లలు, మేకలు. పాత కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి వైపైతే వలస కువైట్‌కు. డబ్బు నెలనెలా వస్తుంది, మనిషి రెండేళ్ళకోసారి వస్తాడు.

ఇంట్లో మందులు అయిపోయాయి, తెచ్చేవాళ్ళు లేరు. ‘ఈజీ’ రెండో ప్రశ్న ప్రకారం ఇది ‘అవును’ కాకపోయినా నిర్లక్ష్యం కిందికే వస్తుంది. కానీ గుంటూరు చేలో ఎండలో వంగి కాయలు తెంపుతున్న కొడుకును తల్లిని నిర్లక్ష్యం చేసినవాడని ఏ నోటితో అంటాం? ఇక్కడ నేరం లేదు, కరువుంది. అలాంటి ఇంటికి కావలసింది విచారణ కాదు. మాత్రలు ఇంటికి తెచ్చిచ్చే ఏఎన్ఎం, వండిన కూడు. స్క్రీనింగ్ చేసేవారికి ఈ తేడా తెలియాలి. ఎక్కడో రాసిన కాగితానికి తెలియదు.

మరోవైపు, కొడుకులంతా ఊళ్ళోనే ఉండి నెలకొకరి వంతున తల్లిని తిప్పుకునే ఇళ్ళున్నాయి. ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం పెద్దోడింట్లో కూడు, రాత్రికి మూటతో నడిపోడింటి అరుగు మీద. నెలకు 31 రోజులొస్తే ఆ ఒక్కరోజు ఎవరి వంతని పంచాయితీ. ఆ ఇంట్లో ఆరు ప్రశ్నలకూ ‘కాదు’ అనే జవాబు రావచ్చు. ఎవరూ కొట్టలేదు, కూడు ఆపలేదు. ఆ ముప్పై ఒకటో రోజును కొలిచే సూచిక ఇంకా ఎవరూ తయారుచేయలేదు.

‘అవును’ అన్న తర్వాత

అవ్వ ధైర్యం చేసి నోరు విప్పిందనుకుందాం. తర్వాత ఏమవుతుంది? దేశంలో 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. మన రాష్ట్రం 2011లో దానికి నిబంధనలు రాసుకుంది. ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవాలి. వకీలు అక్కర్లేదు. నోటీసు వెళ్ళిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. పిల్లలు లేనివారు, తమ ఆస్తి ఎవరికి దక్కుతుందో ఆ బంధువు నుంచి పోషణ అడగవచ్చు. ఇప్పించగలిగే గరిష్ఠం నెలకు 10,000 రూపాయలు. 2007లో పెట్టిన ఆ హద్దును ఎత్తేయడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు ఆమోదం పొందకుండానే మురిగిపోయింది. జిల్లాకు కనీసం ఒకటి, 150 మందికి సరిపడా వృద్ధాశ్రమం గురించి కూడా చట్టంలో ఉంది. ‘ఏర్పాటు చేయవచ్చు’ అని ఉంది, ‘చేయాలి’ అని లేదు.

ఆస్తి రాసిచ్చాక కొడుకు మొహం తిప్పుకుంటే ఆ దస్తావేజును రద్దు చేయమని 23వ సెక్షన్ కింద అడగవచ్చు. ఇక్కడో మెలిక ఉంది. చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చినట్టు ఉంటేనే ఆ సెక్షన్ వర్తిస్తుందని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. చట్టం వృద్ధుల మేలు కోసం వచ్చింది కాబట్టి దాన్ని ఉదారంగా చూడాలని, ట్రిబ్యునల్ స్వాధీనం కూడా ఇప్పించవచ్చని 2025 జనవరి 2న ఇంకో తీర్పులో అంది. రెంటినీ కలిపి చదివితే సామాన్యుడికి మిగిలేది ఒకటే: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసే ముందు, తిండి, బట్ట, మందు, నివాసం చూసుకోవాలన్న వాక్యం దస్తావేజులో ఉందో లేదో ఎవరిచేతనైనా చదివించుకోవాలి.

డబ్బుకూ భూమికీ ఇలా దారి ఉంది. లాసీలో ఎక్కువమంది చెప్పుకున్న బాధ మాత్రం అవి కాదు, మాటలు. అవమానం. ఎత్తిపొడుపుకు ఈ చట్టంలో సెక్షన్ లేదు. ఆడవారైతే 2005 గృహహింస చట్టం కింద వెళ్ళవచ్చు. మాటల హింసనూ అది లెక్కలోకి తీసుకుంటుంది. కానీ కొడుకు మీద గృహహింస కేసు పెట్టే అవ్వను మీరు ఎంతమందిని చూశారు?

అందుకే పింఛన్ ఇచ్చే ఉద్యోగి చేతిలో రేపే ఒక ప్రశ్నల కాగితం పెట్టమని నేను అడగను. ముందు ఆర్డీవో ఆఫీసులో ఆ ‘అవును’ను అందుకునే మనిషి ఉండాలి, ఏఎన్ఎంకు ఇంటివాళ్ళు వినని చోట అవ్వతో కూర్చునే పది నిమిషాలుండాలి. అవి లేకుండా అడగడమంటే ఆమె గుట్టు బజారున పెట్టి, ఆమెను మళ్ళీ అదే ఇంట్లో వదిలి రావడమే.

ఈలోగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అర్జీ తెల్లకాగితం మీద రాసినా చాలు. రాసుకోలేని స్థితిలో ఉంటే, అవ్వ ఒప్పుకోలుతో పొరుగువారైనా, ఏదైనా సంస్థ అయినా ఆమె తరఫున పెట్టవచ్చు. న్యాయ సహాయానికి 15100. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. అవ్వ దగ్గర ఫోన్ ఉండకపోవచ్చు. మీదే నొక్కి ఆమె చేతికివ్వండి. ఇచ్చి, మీరు కూడా కాస్త ఎడంగా వెళ్ళి నిలబడండి.